హాజరు పట్టీ లేని అంతస్తులు



చాలా రోజులుగా ఈ పుటలో నేనేమీ వ్రాయలేదు. ఒకరిద్దరు మిత్రులు ఆరోగ్యం గురించి అడిగారు. వారికి కృతజ్ఞతలు. ఆరోగ్యానికేమీ లోటు లేదు. గత శీతకాలంలో రెండున్నర నెలలు హైదరాబాదులో మా అబ్బాయి ఇంట ఉన్నాను. పుస్తకాలు ఇక్కడ, కళ్ళజోడు అక్కడ అన్నట్లు గడిచిపోయింది కాలం. తిరిగి కళింగపట్నం చేరాక కూడా కలం కదలలేదు. మనసులో ఒక విషయం అడ్డుపడి ఉండగా వేరొకటి వ్రాయడం నాకు చేతకాదు. ఆ అడ్డుపడిన విషయమే ఈ టపా.

మా అబ్బాయిది పదునాలుగవ అంతస్తు. నగరానికి పడమటి దిక్కున, రాళ్ళగుట్టలను పిండి చేసి లేపిన క్రొత్త ప్రాంతం. వంశధార సముద్రంలో కలిసే చోటును చూస్తూ పెరిగినవాడికి అంత ఎత్తున నిలబడితే తొలినాడు కళ్ళు తిరిగాయి. మూడవనాటికి అలవాటయింది. నాల్గవనాటికి వ్యసనం పట్టుకుంది. వసారా ఎదురుగా మరొక కట్టడం లేస్తోంది. ప్రొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని దాని అంతస్తులు లెక్కించడం నా దినచర్య. నేను వెళ్ళిననాడు పంతొమ్మిదవ అంతస్తు పోస్తున్నారు. వారం పది రోజులకొకటి చొప్పున పెరుగుతూ, నేను బయలుదేరే సమయానికి ఇరవై ఆరు పూర్తయింది. వెనుకటి జన్మలో బడిపంతులునే కనుక దినచర్య పుస్తకంలో తేదీ వేసి, అంతస్తు సంఖ్య వేసి, పిల్లవాని ప్రగతి పత్రంలా వ్రాసుకున్నాను.

ఈ వ్యసనం నా ఒక్కడిది కాదని తరువాత తెలిసింది. ఆ ఎదుటి కట్టడంలో ఇల్లు కొన్నవారి ఫోన్ బృందంలో మా అబ్బాయి స్నేహితుడొకడున్నాడు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఫోటో తీసి పెడతారట. ‘స్లాబ్ పడింది’, ‘క్రేన్ ఎత్తు పెంచారు’, ‘అద్దాలు మొదలుపెట్టారు’ అని వార్తలు. గ్రహణం చూసినట్లు, గోదావరి పుష్కరం చూసినట్లు, కట్టడం పెరగడాన్ని చూడటం ఒక వేడుకయింది. అందులో తప్పేమీ లేదు. జన్మంతా కూడబెట్టిన ధనం గోడలుగా మారుతుంటే చూసుకోవాలనిపించడం సహజమే.

ఈ ఎత్తు ఎలా వచ్చిందో నేనూ కొంత తెలుసుకున్నాను. 1591లో కట్టిన చార్మినారు ఎత్తు 56 మీటర్లు. నాలుగు శతాబ్దాలు ఆ నగరానికి అదే కొలబద్ద. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున లెక్కవేస్తే, నా ఎదుటి కట్టడం నేను చూస్తుండగానే దానిని దాటిపోయింది. కోకాపేట పరిసరాలలో ఏభై అంతస్తులు మించినవి లేస్తున్నాయి. 2006లో వచ్చిన భవన నిబంధనలు స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని హైదరాబాదులో తొలగించాయి. ముందున్న రహదారి వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. ఇక భూమి ధర సంగతి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేసిన వేలంలో ఒక ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. తరువాతి వేలాలలో ఆ ధర కూడా చిన్నబోయింది. ఎకరానికి వంద కోట్లు పెట్టినవాడు పెంకుటిల్లు కట్టడు. ఆ ధరను అంతస్తులకు పంచాలి. పంచేలోగా అప్పు మీద వడ్డీ పెరుగుతుంటుంది. కనుక అంతస్తు త్వరగా పడాలి. పగలు చాలకపోతే దీపాలు పెట్టి రాత్రి పోయాలి. భూమి ధరకూ, రాత్రి పన్నెండింటికి పరంజా మీద నిలబడిన మనిషికీ ఉన్న బంధం ఇది.

పనితీరు కూడా మారింది. మా రోజులలో ఇటుక మీద ఇటుక పేర్చి, గుండు వేసి, రసమట్టం చూసి గోడ లేపేవారు. ఇప్పుడు అల్యూమినియం పలకల అచ్చులు బిగించి, ఇనుప చువ్వలు కట్టి, గోడలనూ కప్పునూ ఒకే విడతలో కాంక్రీటుతో పోస్తున్నారు. కాంక్రీటు తన నిర్ణీత బలాన్ని పొందడానికి 28 రోజులు లెక్క. వారం పది రోజులకొక అంతస్తు పడుతుందంటే క్రింది అంతస్తు పూర్తిగా గట్టిపడకముందే పైదాని బరువు దాని మీదికి వస్తుందన్నమాట. అందుకే అచ్చులు విప్పినా క్రింద ఊతకంబాలు కొన్నాళ్ళు ఉంచుతారు. ప్రతి విడత కాంక్రీటులో కొంత తీసి ఘనాలుగా పోసి, ఏడవ నాడు కొన్నింటిని, ఇరవై ఎనిమిదవ నాడు కొన్నింటిని యంత్రంలో నలిపి బలం చూస్తారు. ఆ ఫలితం తేదీతో సహా పుస్తకంలో వ్రాస్తారు. ఈ శ్రద్ధ నాకెంతో నచ్చింది. కాంక్రీటు ముద్దకు కూడా ఒక పేరు, ఒక సంఖ్య, ఒక పుట ఉన్నాయి.

ఒకనాటి సాయంత్రం టీ త్రాగుదామని క్రిందికి దిగాను. ఆ కట్టడం ప్రహరీకి ఆనుకుని ఒక తోపుడుబండి ఉంది. ప్రహరీ మీద పెద్ద బల్ల. దాని మీద సంస్థ పేరు, వాస్తుశిల్పి పేరు, నిర్మాణ ఇంజనీరు పేరు, అనుమతి సంఖ్య, పూర్తయ్యే తేదీ అన్నీ ఉన్నాయి. పండితుడి బుద్ధి కదా, బల్ల చదువుతూ అమరకోశంలోకి వెళ్ళిపోయాను. అమరసింహుడు హర్మ్యమంటే ధనవంతుల నివాసమనీ, ప్రాసాదమంటే దేవతలదీ రాజులదీ అనీ విభజించి చెప్పాడు. మనం ‘ఆకాశహర్మ్యం’ అనే మాటను ఎంత సరిగ్గా ఎన్నుకున్నామో అనుకున్నాను. అయితే అదే అమరసింహుడు వడ్రంగికీ, కంసాలికీ, చివరకు గోడకు సున్నం పూసేవానికీ కూడా పేర్లు చెప్పాడు. పూత పనివానిని ‘పలగండుడు’ అన్నాడు. వేయి సంవత్సరాలకు పైబడిన నిఘంటువులో పూత పనివానికి చోటున్నది. ఈ బల్ల మీద లేదు.

ఇలా ఆలోచిస్తూ నిలబడి ఉండగా వెనుక నుండి పిలుపు వినిపించింది.

“మాస్టారూ! మన కళింగపట్నం తెలుగు మాస్టారు కారేటి మీరు?”

తిరిగి చూస్తే నలభై ఏళ్ళ మనిషి. పసుపుపచ్చ టోపీ చంకలో పెట్టుకున్నాడు. చేతులకు సిమెంటు పాలు ఎండి తెల్లగా ఉన్నాయి.

“నానండీ, 99లో పది సదివినాను. పద్యం రానేదని గోడకుర్చీ ఏయించినారు గదా.”

గోడకుర్చీ వేయించిన పిల్లలు ఎందరో. ముఖం చూసి గుర్తుపట్టలేదు. కాని హాజరు పట్టీలో పేర్ల వరుస నాకింకా జ్ఞాపకముంది. అతని పేరు చెప్పగానే దానికి ముందున్న పేరూ తరువాతి పేరూ నోటికి వచ్చేశాయి. అతడు నవ్వి, ముందు పేరువాడు పైన ఇరవై మూడవ అంతస్తులో ఉన్నాడన్నాడు.

టీ త్రాగుతూ మాట్లాడుకున్నాం. అతనిది సెంట్రింగ్ పని. ఇరవై ఏళ్ళుగా చెన్నై, బెంగళూరు, హైదరాబాదు తిరుగుతున్నాడు. మేస్త్రి మాదే మండలం. అతని క్రింద పన్నెండు మంది. రోజుకు తొమ్మిది వందలు కూలి, కట్టడం వెనుక రేకుల షెడ్లలో వసతి. ఇంటి దగ్గర భార్య, ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఇంటరు చదువుతున్నదని చెప్పేటప్పుడు టోపీ రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు.

“పని బాగుందేటి బాబూ?” అన్నాను, నాకూ మా యాస వచ్చేసి.

“బాగుందండి మాస్టారూ. ఊళ్ళో ఇంటి మీద స్లాబేసీనాను. సేపలేటతో అయిద్దేటండీ?”

తరువాత కొంచెం ఆగి, వేరొక చోట జరిగిన సంగతి చెప్పాడు. ఆ చోటు పేరు నేను వ్రాయను. నిరుడు అక్కడ వీరి ముఠాలోని ఒక కుర్రవాడు, లిఫ్టు కోసం విడిచిన గుంతలో రెండంతస్తులు క్రిందికి పడిపోయాడు. ప్రాణం దక్కింది. నడుము దక్కలేదు. ఆసుపత్రి ఖర్చుల విషయమై ఇంటివారు వచ్చి అడిగితే, పుస్తకంలో ఆ పేరు గలవాడెవడూ లేడన్నారట.

“ఎందుకు లేదు?” అన్నాను.

“మా పేర్లు రాయరండి. మేస్త్రి పేరు రాసి, పక్కన పన్నెండు అని అంకెస్తారు. ఆడు పడిపోనాడా, మర్నాడు మేస్త్రి ఇంకొకుణ్ణి తెచ్చినాడు. పుస్తకంలో మళ్ళీ పన్నెండే పడిందండి.”

మిత్రులారా, ఆ మాటే నాకు అడ్డుపడింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రతి ఉదయం హాజరు పిలిచినవాడిని నేను. ఒక పిల్లవాడు రాకపోతే వాని పేరు ఎదుట చుక్క పడేది. మూడు చుక్కలు పడితే ఇంటికి మనిషిని పంపేవాళ్ళం. తరగతిలో నలభై ఇద్దరని అంకె వేసి ఊరుకుంటే ఎవడు రాలేదో ఎలా తెలుస్తుంది? ఎవడు మునిగాడో, ఎవడు జ్వరంతో పడుకున్నాడో ఎలా తెలుస్తుంది? హాజరు పట్టీ అంటే కేవలం లెక్క కాదు. ‘నీవు రాకపోతే మాకు తెలుస్తుంది’ అని పిల్లవానికి బడి ఇచ్చే మాట.

ఇది ఒక్క మేస్త్రి అలవాటు గురించిన ఫిర్యాదుగా తీసుకోవద్దు. మా ప్రాంతం వారికి ఈ ‘అంకె’ ఎంత ఖరీదు చేసిందో 2014లో లోకమంతా చూసింది.

ఆ ఏడాది జూన్ 28, శనివారం సాయంత్రం, చెన్నై శివారులోని మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వారిలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుండి పనికి వెళ్ళినవారు ఎందరో. ఆలుమగలు కలిసి పనిచేస్తున్న కుటుంబాలున్నాయి. శిథిలాల క్రింద ఎందరున్నారన్న ప్రశ్నకు తొలి గంటలలో సరైన జవాబు చెప్పగలవారు లేరు. కాంక్రీటు పలకలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోతే రోజురోజుకూ సంఖ్య మారింది. ఆ వారమంతా మా జిల్లాలలో బస్సు దిగిన ప్రతివానినీ జనం ఆపి ‘మా వాడు కనిపించాడా’ అని అడిగారు. పక్కనే నిలిచిన జంట భవనాన్ని 2016 నవంబరు 2న మందుగుండు పెట్టి కూల్చివేశారు. దానిని కూల్చేముందు లోపల ఎవరూ లేరని ఎన్ని మార్లు సరిచూసుకుని ఉంటారో కదా. మొదటిదానికి ఆ లెక్క ముందే ఉండి ఉంటే ఎంత బాగుండేది!

ఆ దుర్ఘటనకు సరిగ్గా 26 రోజుల ముందు, 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆ విభజన మంచిచెడ్డల జోలికి నేను పోను. కాని ఒక విచిత్రం గమనించండి. జూన్ 1న ఆమదాలవలస స్టేషనులో, అదే మన శ్రీకాకుళం రోడ్డులో, రైలెక్కి హైదరాబాదు చేరిన మేస్త్రి సొంత రాష్ట్రంలో పనిచేసుకునేవాడు. మరునాడు మేలుకునేసరికి, పక్క మీద నుండి లేవకుండానే, అంతర్రాష్ట్ర వలస కార్మికుడయ్యాడు. భాష మారలేదు, మేస్త్రి మారలేదు. చట్టం దృష్టిలో మనిషి మారిపోయాడు.

అలా మారినందుకు అతనికి కొంత మేలే జరగవలసింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. మా ప్రక్కనున్న ఒడిశాలోని దాదన్ కూలీల దుస్థితి దానికి ప్రేరణ. పొరుగు రాష్ట్రం నుండి కూలీని తెచ్చిన గుత్తేదారు అతనికి ఛాయాచిత్రం అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని అందులో ఉన్నది. ఆ పుస్తకంలోని వివరాలు హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ కార్మికుని భాషలో కూడా ఉండాలన్నది. అంటే మౌలివాక్కంలో పనిచేసిన మా జిల్లాలవారి చేతుల్లో తెలుగులో వ్రాసిన పుస్తకాలు ఉండవలసినవి. తెలుగు పండితుడిగా ఈ నిబంధన చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. నా శిష్యుణ్ణి అడిగాను, ఇరవై ఏళ్ళలో అలాంటి పుస్తకం ఎప్పుడైనా చూశావా అని. గేటు దగ్గర చూపించే కార్డు తీసి చూపించాడు. అందులో సంస్థ గుర్తు ఉన్నది, రంగు ఉన్నది, సంఖ్య ఉన్నది.

మరొక చట్టం 1996 నాటిది. భవన నిర్మాణ కార్మికులకోసమే చేసినది. కట్టడపు ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి, ఆ ధనంతో సంక్షేమ మండలి నడిపి, పేరు నమోదు చేసుకున్న కార్మికునికి ప్రమాదంలో, ప్రసూతిలో, పిల్లల చదువులో సాయపడాలని దాని ఉద్దేశం. ధనం లేకపోలేదు. 2018 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానం తన తీర్పులో చెప్పిన లెక్క చూడండి. అప్పటికి దేశమంతటా వసూలైనది 37,400 కోట్ల రూపాయలకు పైమాటే. ఖర్చుపెట్టినది సుమారు 9,500 కోట్లు. మిగిలినదంతా కార్మికుని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నది. కార్మికుడు ఇంకొకచోట ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఇద్దరినీ కలపవలసినది ఒక పేరు, పట్టీలో వ్రాసిన ఒక పేరు. సాయం అందాలంటే నమోదు కావాలి. నమోదు కావాలంటే ఏడాదిలో కనీసం 90 రోజులు ఈ పని చేశానని చూపాలి. ‘మేస్త్రి, పన్నెండు’ అన్న పుటలో నుండి ఆ తొంభై రోజులను ఎవరు వెలికి తీస్తారు?

2025 నవంబరు 21 నుండి ఈ పాత చట్టాలు క్రొత్త శ్రామిక స్మృతులలో కలిసిపోయాయి. క్రొత్తదానిలో ఒక మంచి మార్పున్నది. గుత్తేదారు తీసుకువచ్చినవానినే కాక, తనంతట తాను వలస వచ్చినవానిని కూడా అంతర్రాష్ట్ర వలస కార్మికునిగా లెక్కించారు. కాని ఒక మెలిక కూడా ఉన్నది. నెలకు 18,000 రూపాయలకు, లేదా కేంద్రం ప్రకటించే అంతకంటె పెద్ద మొత్తానికి, మించని వేతనం గలవానికే అది వర్తిస్తుంది. నా శిష్యుని తొమ్మిది వందలను 26 రోజులతో హెచ్చవేయండి. 23,400. పని నేర్చినందువలన వలసవాడు కాకుండా పోయే ప్రమాదమున్నది. ఏ అంతస్తు నుండి పడినా నేల ఒకటే. కూలి ఎక్కువైనవానికి అది మెత్తగా ఉండదు.

ఇక్కడ మిత్రులు కొందరు అనబోయే మాట నాకు వినిపిస్తూనే ఉంది. ‘మాస్టారూ, ఈ కట్టడాలు లేకపోతే మీ ఊరివారికి ఆ కూలి కూడా లేదు కదా?’ నిజమే. కాదనను. మా ఊరి చరిత్రే దానికి సాక్ష్యం. ఒకప్పుడు కళింగపట్నం రేవు నుండి స్టీమర్లు ఎక్కి రంగూనుకు వెళ్ళేవారు. అక్కడ రేవులలో, బియ్యపు మిల్లులలో తెలుగు కూలీలే ఎక్కువ. 1942లో బర్మా మీద యుద్ధం వచ్చి పడితే కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. రేవు మూతపడింది. దీపస్తంభం మిగిలింది. నా బాల్యంలో మా ఊళ్ళో అంతకంటె ఎత్తైనదేదీ లేదు. ఇప్పుడు ఊళ్ళో తాటాకు కొట్టాల స్థానంలో లేచిన స్లాబు ఇళ్ళలో చాలావాటికి మూలధనం నగరంలో ఎవరి కోసమో పోసిన స్లాబే. కనుక కట్టడాలు ఆపమనడం లేదు. పల్లెలో ఉండిపొమ్మని హితబోధ చేయడమూ లేదు. తుపాను తరువాత తుపాను చూసిన తీరం మాది. పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవానికి ఊరి సౌందర్యం గూర్చి పాఠం చెప్పే అర్హత పింఛను తీసుకునే నాకు లేదు.

నేనడిగేది చాలా చిన్నది. కట్టడం ప్రగతిని చెప్పేటప్పుడు అంతస్తుల సంఖ్యతో పాటు మనుషుల సంగతి కూడా చెప్పండి.

ఇది అసాధ్యమనుకోనక్కరలేదు. స్థిరాస్తి నియంత్రణ చట్టం, మీరందరూ ‘రెరా’ అంటారే, 2016లో వచ్చింది. దాని ప్రకారం నిర్మాణ సంస్థ మూడు నెలలకొకసారి తన పని ఎంతవరకు వచ్చిందో, ఎన్ని ఇళ్ళు అమ్ముడయ్యాయో, ఏ అనుమతులు వచ్చాయో ప్రభుత్వపు పుటలో అందరికీ కనబడేలా ఉంచాలి. కొన్నవాని ధనానికి రక్షణగా పెట్టిన నియమం ఇది. ఎంతో మంచి నియమం. ఎందరో మధ్యతరగతివారు మోసపోయిన తరువాత వచ్చింది. ఆ మూడు నెలల ప్రగతి పత్రంలోనే ఇంకొక్క వరుస ఎందుకు ఉండకూడదు? ఈ మూడు నెలలలో పనిచేసినవారు ఇందరు, వారిలో సంక్షేమ మండలిలో పేరున్నవారు ఇందరు, గాయపడినవారు ఇందరు, మరణించినవారు ఇందరు. నాలుగు అంకెలు. ఘనం నలిపి బలం చూసి వ్రాసుకునే సంస్థకు ఇది భారం కాదు. ఆ అంకెల వెనుక పేర్ల పట్టీ లేకుండా అవి వేయడం కుదరదు కనుక, పట్టీ దానంతటదే పుడుతుంది.

రెండవది మన చేతిలో ఉన్నది. ఈ పుట చదివేవారిలో అటువంటి ఇళ్ళు కొన్నవారు, కొనబోతున్నవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీరు కట్టడం చూడటానికి వెళ్ళినప్పుడు పాలరాయి ఎక్కడిదని అడుగుతారు, కుళాయి ఏ కంపెనీదని అడుగుతారు. ‘ఇక్కడ పనిచేసేవారి పేర్ల పట్టీ ఉన్నదా?’ అని కూడా అడగండి. ఆ ప్రశ్న నేనడిగితే కాపలావాడు కూడా సమాధానం చెప్పడు. కోటి రూపాయలు ఇవ్వబోయేవాడు అడిగితే సంస్థ అధిపతి లేచి నిలబడి చెబుతాడు.

మూడవది మా వైపు చేయవలసినది. ఊరు విడిచి వెళ్ళేవాని పేరు, ఏ నగరం, ఏ మేస్త్రి, ఇంటివారి ఫోను సంఖ్య, ఇవి పంచాయతీలో ఒక పుస్తకంలో ఉండాలి. 2020 మార్చిలో దేశమంతటికీ తాళం వేసినప్పుడు ఈ కొరత మళ్ళీ బయటపడింది. హైదరాబాదు సమీపంలో సంగారెడ్డి వద్ద ఒక పెద్ద నిర్మాణంలో నిలిచిపోయిన కార్మికులు ఏప్రిల్ 29న ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో తొలి శ్రామిక రైలు బయలుదేరింది. నగరానికి తాను కట్టించుకుంటున్నది ఎవరిచేతనో ఆనాడే ఒక్కసారిగా కంటికి కనిపించింది. శ్రీకాకుళం, పాలమూరు వారే కాదు, ఒడిశా, బీహారు, ఝార్ఖండ్, బెంగాల్ వారు కూడా ఆ పరంజాల మీద ఉన్నారు. వెళ్ళినవారందరినీ లెక్కబెట్టుకోవడానికి ఏ ఊరి దగ్గరా పుస్తకం లేకపోతే, కష్టకాలంలో తిరిగి తెచ్చుకోవడమెలా? ఈ పుస్తకం పని మా ఊళ్ళో మొదలుపెట్టమని పంచాయతీవారికి అర్జీ వ్రాసి ఇచ్చాను. వ్రాసేవారు లేరంటే నేనే వ్రాస్తానన్నాను. చేతివ్రాత ఇంకా బాగానే ఉంది.

కట్టినవాని పేరు నిలపడం మనకు పరాయి సంప్రదాయమేమీ కాదు. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయాన్ని జనం రామప్ప గుడి అంటారు. రామప్ప దానిని చెక్కిన శిల్పి అని ప్రతీతి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినప్పుడు కూడా ఆ పేరు దాని వెంట వెళ్ళింది. కట్టించినవాని శాసనం అక్కడే ఉన్నది. జనం నోట మాత్రం పనివాని పేరే మిగిలింది. నేనడుగుతున్నది గుడికి పెట్టేంత పేరు కాదు. పట్టీలో వ్రాసేంత పేరు.

తిరుగు ప్రయాణంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాను. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దమని అర్థం చెబుతారు. ఆ అద్దపు పేరు గల బండిలోనే మా వారు ఆకాశహర్మ్యాలు కట్టడానికి వెళ్ళి వస్తుంటారు. నా పెట్టెలో ఎక్కువమంది పండుగకు ఇంటికి వెళ్ళేవారే. తలుపు దగ్గర కూర్చున్న నలుగురు కుర్రవాళ్ళు తాము పోసిన అంతస్తులను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నారు. ‘ఆ నీలిరంగుది మాదే’, ‘ఆ జంటవి మేం మొదలుపెట్టినవే’ అని. ఇల్లు కొన్నవారిలాగానే వాళ్ళకూ ఆ కట్టడాల ప్రగతి మీద మమకారమున్నది. వాటికి వాళ్ళ ఊసు లేదు, అంతే.

నా దినచర్య పుస్తకంలో పంతొమ్మిది నుండి ఇరవై ఆరు వరకు అంతస్తులు వ్రాసుకున్న పుట ఇప్పుడు నా ముందున్నది. దాని ఎదుటి ఖాళీ పుటలో, నా శిష్యుడు చెప్పగా వ్రాసుకున్న పన్నెండు పేర్లు వరుసగా ఉన్నాయి. మేస్త్రితో కలిపి పదమూడు. పదమూడవ పేరు క్రింద, నడుము విరిగి ఇంట్లో ఉన్నవాని పేరు కూడా వ్రాశాను. ఆ పేర్లు ఇక్కడ ప్రకటించడం వారికి క్షేమం కాదు కనుక ప్రకటించడం లేదు. నెలకొకసారి ఫోను చేసి అడుగుతున్నాను. మొన్న అడిగితే అందరూ ఉన్నారన్నాడు. ముప్ఫై ఒకటి పడిందట.

మీ ఎదుటి కట్టడం సంగతి మీరు చెప్పండి. తప్పులుంటే దిద్దండి. విన్నవి ఉంటే వ్రాయండి.

సెలవు.